పల్లె హైవే మీద స్నోలో రోజూ 70 కిలోమీటర్లు: వంతెన మీద బండి గిర్రున తిరిగింది, ఏం మార్చుకోవాలి?

కొత్తదారి_కిరణ్
ఈ చలికాలంలోనే ఉద్యోగం మారాను. ఇంటి నుంచి ప్లాంటుకి 70 కిలోమీటర్లు. దాదాపు అంతా రెండు లేన్ల హైవే. మధ్యలో డివైడర్ లేదు, లైట్లు లేవు, రెండు వైపులా పొలాలే. మొన్న పొద్దున ఆరున్నరకి స్నో పడటం లేదు. రోడ్డు నల్లగా, కొంచెం తడిగా కనిపించింది. 80లో వెళ్తున్నా. ఒక చిన్న వాగు మీద వంతెన ఎక్కగానే స్టీరింగ్ చేతిలో ఒక్కసారిగా తేలికైపోయింది. బండి వెనక భాగం కుడికి జారింది. భయపడి బ్రేక్ గట్టిగా తొక్కేశాను. గిర్రున తిరిగి, వంతెన దాటాక వచ్చిన వైపుకే మొహం పెట్టి ఆగింది. ఎదురుగా ఎవరూ రాకపోవడం వల్లే బతికి బయటపడ్డాను.

బండి ఆల్ వీల్ డ్రైవ్, అంటే ఇంజిన్ నాలుగు చక్రాలనీ తిప్పుతుంది. కొనేటప్పుడు అందరూ స్నోకి ఇదే చాలన్నారు. టైర్లు ఆల్ సీజన్. ఇంట్లో ఇంకా పూర్తిగా చెప్పలేదు, చెబితే వాళ్లకి టెన్షన్. వింటర్ టైర్లు నిజంగా అవసరమా? ఆ క్షణంలో నేను చేసిన తప్పేంటి? ఏ రోజు వెళ్లకూడదో మీరు ఎలా తేల్చుకుంటారు?

పాత_మెకానిక్
ముందు మీకేం కాలేదు, అది చాలు.

"నల్లగా, కొంచెం తడిగా" అన్నారు కదా, అదే బ్లాక్ ఐస్. పలుచటి గాజు పొరలా ఉంటుంది. కింద ఉన్న తారు రంగే పైకి కనిపిస్తుంది కాబట్టి ఐస్ అని తెలియదు. వంతెన మీదే ఎందుకంటే, మామూలు రోడ్డుకి కింద నేల వేడి కొంత అందుతుంది. వంతెనకి పైనా కిందా చలిగాలే. అందుకే రోడ్డు ఇంకా తడిగా ఉండగానే వంతెన గడ్డకడుతుంది. చెట్ల నీడ పడే మలుపులు, రోడ్డు పల్లంలోకి దిగే చోట్లు కూడా ఇంతే.

ఒక గుర్తు చెబుతా. ముందు బండి టైర్ల వెనక నీళ్లు చిమ్ముతున్నాయా చూడండి. రోడ్డు తడిగా కనిపిస్తూ నీళ్లు చిమ్మడం ఆగిపోయిందంటే అది తడి కాదు, ఐస్.

స్టీరింగ్_శీను
నాకు ఆరేళ్లుగా ఆల్ వీల్ డ్రైవ్, ఆల్ సీజన్ టైర్లే. ఒక్కసారి కూడా జారలేదు. నిదానంగా వెళ్తే చాలు. 80 ఎక్కువ, అంతే.

పాత_మెకానిక్
శీను గారూ, నిదానం విషయంలో మీ మాటే నా మాట. కానీ ఆల్ వీల్ డ్రైవ్ దగ్గర ఒప్పుకోను. అది బండి కదలడానికి, ఎత్తు ఎక్కడానికి పనికొస్తుంది. ఆగడానికి కాదు. బ్రేకులు ప్రతి బండికీ నాలుగు చక్రాలకీ ఉంటాయి, పక్కింటివాళ్ల చిన్న కారుకీ ఉంటాయి. పైగా ఆల్ వీల్ డ్రైవ్‌లో బయల్దేరేటప్పుడు చక్రం జారదు కాబట్టి రోడ్డు ఎంత నున్నగా ఉందో డ్రైవర్‌కి తెలియదు. మొదటిసారి తెలిసేది బ్రేక్ తొక్కినప్పుడే.

టైరు సంగతి రబ్బరులో ఉంది. సుమారు 7 డిగ్రీల కంటే చలి పెరిగితే మామూలు రబ్బరు గట్టిపడుతుంది. వింటర్ టైర్ రబ్బరు మెత్తగానే ఉంటుంది. దాని మీద వెంట్రుక మందం గాట్లు వందల కొద్దీ ఉంటాయి, ఆ అంచులే మంచుని పట్టుకుంటాయి. కొనేటప్పుడు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, లోపల స్నో రేకు ఉన్న గుర్తు చూడండి. స్నో మీద పరీక్ష పాసైతేనే ఆ గుర్తు వేస్తారు. ఎం, ఎస్ అక్షరాలు ఒక్కటే ఉంటే దానికి ఆ పరీక్ష అవసరం లేదు. చాలా ఆల్ సీజన్ టైర్ల మీద ఆ అక్షరాలు ఉంటాయి, అది చూసి మోసపోవద్దు.

వెన్నెల_కె
కొంటే నాలుగూ కొనండి. మేము డబ్బు మిగులుతుందని ముందు రెండే మార్చాం. ముందు చక్రాలు చక్కగా పట్టుకున్నాయి, వెనకవి పట్టుకోలేదు. ఒక మలుపులో వెనక భాగం మమ్మల్ని దాటి ముందుకొచ్చినంత పని చేసింది. వెనక సీట్లో పాప ఉంది. మర్నాడే మిగతా రెండూ వేయించాం.

లారీ_మామ
కిరణ్ తమ్ముడూ, నీ రెండో ప్రశ్నకి నేను చెబుతా. పద్దెనిమిది చలికాలాలు లారీ తోలాను.

వెనక భాగం జారినప్పుడు బ్రేక్ తొక్కితే బరువంతా ముందుకి వస్తుంది, వెనక ఇంకా తేలికవుతుంది. నీ బండి తిరగడం అందుకే. యాక్సిలరేటర్ మీద కాలు తియ్యి, బ్రేక్ జోలికి పోకు, బండి ఎటు వెళ్లాలో అటు చూడు, అటే స్టీరింగ్ తిప్పు. చూపు ఎటుంటే చేయి అటే పోతుంది. స్తంభాన్ని చూస్తే స్తంభానికే కొడతావు. బండి సర్దుకోగానే రెండో వైపుకి ఊగుతుంది, చాలామంది గుంటలో పడేది ఆ రెండో ఊపుకే. అందుకని స్టీరింగ్ వెంటనే తిన్నగా తెచ్చుకోవాలి.

ముందు భాగం జారితే వేరే పద్ధతి. స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగానే పోతుంటే ఇంకా ఇంకా తిప్పకు. కాలు తీసి, తిప్పిన స్టీరింగ్‌ని కొంచెం వెనక్కి వదులు. చక్రం తిరిగి రోడ్డుని పట్టుకుంటుంది.

ఇవన్నీ చదివితే రావు. స్నో నిండిన ఖాళీ పార్కింగ్ స్థలం చూసుకుని, 20లో వెళ్తూ కావాలని జారించి చూడు. తిన్నగా వెళ్తూ ఒక్కసారిగా ఆగాల్సి వచ్చి బ్రేక్ గట్టిగా తొక్కితే, చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఎలా ఉంటుందో కూడా అక్కడే తెలుసుకో. కాలి కింద పెడల్ గడగడ కొట్టుకుంటుంది. ఏదో విరిగిందనుకుని కొత్తవాళ్లు కాలు తీసేస్తారు. తీయకూడదు, గట్టిగా తొక్కే ఉంచాలి.

కొత్తదారి_కిరణ్
మామా, అచ్చం అదే. నేను వంతెన మీద ఉన్న రెయిలింగ్‌నే చూస్తున్నాను. ఇప్పటికీ కళ్లు మూస్తే అదే కనిపిస్తోంది.

స్టీరింగ్_శీను
ఒకటి అడగాలి. మా హైవే మీద రాత్రే ఉప్పు చల్లుతారు. మీ దగ్గర చల్లరా?

పాత_మెకానిక్
చల్లినా ఉప్పుకి ఒక హద్దు ఉంది. మామూలు ఉప్పు మైనస్ 9, మైనస్ 10 దాకా బాగా పనిచేస్తుంది. అంతకంటే చలైతే కరిగించడం బాగా నెమ్మదిస్తుంది. అప్పుడు కాల్షియం క్లోరైడ్ లాంటివి కలుపుతారు, లేదా పట్టు కోసం ఇసుక వేస్తారు. ఇసుక దేన్నీ కరిగించదు. పల్లె రోడ్లలో ట్రాఫిక్ తక్కువ కాబట్టి ఉప్పు మీద టైర్లు తిరిగి నలిపే పని కూడా తక్కువ. టౌన్‌లో రోడ్డు తేలిపోయిందని హైవే కూడా అలాగే ఉంటుందనుకోకూడదు.

మైనస్ 20 చూసి జనం భయపడతారు. నాకు భయం సున్నా దగ్గరే. బాగా చలిగా ఉన్నప్పుడు మంచు కొంత గరుకుగా ఉంటుంది. కరగబోయే మంచు మీద నీటి పొర ఉంటుంది, దానంత జారుడు ఇంకోటి లేదు. బండిలో చూపించే డిగ్రీలు గాలివి, రోడ్డువి కావు. 2 డిగ్రీలు చూపిస్తున్నా రోడ్డు గడ్డకట్టి ఉండొచ్చు.

నైట్‌షిఫ్ట్_నర్సు
నేను రాత్రి డ్యూటీ, రోజూ పొద్దున చీకట్లో ఇంటికి వస్తాను. ఇక్కడ ఎవరూ లైట్ల గురించి మాట్లాడలేదు.

చాలా కార్లలో పగలు వాటంతట అవే వెలిగే లైట్లు ముందు మాత్రమే ఉంటాయి. వెనక ఎర్ర లైట్లు వెలగవు. ముందు వెలుతురు కనిపిస్తుంది కాబట్టి డ్రైవర్ అన్నీ వెలుగుతున్నాయి అనుకుంటారు. తెల్లటి స్నోలో తెల్ల కారు, వెనక లైటు లేదు. ఒకసారి అలాంటి కారుకి నాలుగు మీటర్ల దూరంలో ఆగగలిగాను. స్నో పడుతుంటే స్విచ్ చేత్తో తిప్పి లో బీమ్ వేయండి. హై బీమ్ వద్దు, వెలుతురంతా స్నో రేకుల మీద పడి మీ కళ్లలోకే తిరిగొస్తుంది.

ఇంకోటి, ఎల్ఈడీ లైట్లు పాత బల్బుల్లా వేడెక్కవు, వాటి మీద పడిన స్నో కరగదు. పెట్రోలు కోసం ఆగిన ప్రతిసారీ నేను దిగి చేతి గ్లవ్‌తో ముందూ వెనకా తుడుస్తాను.

వెన్నెల_కె
బండి పైకప్పు మీద స్నో కూడా. కొందరు అద్దం మీద చిన్న కిటికీ అంత గీరుకుని బయల్దేరతారు. బ్రేక్ వేయగానే పైనున్న దిండంత స్నో జారి అద్దం మీదకి వస్తుంది. వైపర్ కూడా దాన్ని నెట్టలేదు.

లారీ_మామ
నర్సు అక్క చెప్పిన దానికి తోడు. ఎదురుగా లారీ వస్తుంటే అది దాటిన వెంటనే స్నో పొడి లేచి మూడు నాలుగు సెకన్లు ఏమీ కనపడదు. లారీ దగ్గరికి రాకముందే కాలు తియ్యండి, వైపర్ జోరు పెంచండి, చూపు మీ వైపు రోడ్డు అంచు గీత మీద పెట్టండి. ఆ తెల్ల మబ్బులో బ్రేక్ తొక్కకండి, వెనక వచ్చేవాడికి మీరు కూడా కనపడరు. నేను లారీలో కూర్చుని అద్దంలో చూస్తుంటే చిన్న కార్లు ఆ మబ్బులోకి మాయమైపోతుంటాయి. బయటికి వచ్చేదాకా నాకు ఊపిరి ఆడదు.

స్టీరింగ్_శీను
వైట్‌అవుట్ వస్తే, అంటే చుట్టూ తెల్లగా అయిపోయి ఏమీ కనపడకపోతే, నేను మాత్రం అక్కడే ఆపేస్తాను. కనపడనప్పుడు కదలడం తప్పు.

లారీ_మామ
శీనూ, లేన్‌లో మాత్రం ఆపకు నాయనా! దయచేసి. వెనకవాడు నీ లైట్లు చూసేసరికి నీ డిక్కీ మీద ఉంటాడు. గుద్దుకున్న బండ్ల వరస మొదలయ్యేది ఇలాగే. వేగం తగ్గించుకుంటూ పక్క రోడ్డో, పొలం గేటో, పెట్రోల్ బంకో దొరికేదాకా నెమ్మదిగా లాగాలి. రోడ్డు అంచున గరుకు గాట్లు ఉంటే టైరు వాటి మీదకి ఎక్కి గుర్రుమంటుంది. ఆ చప్పుడే మనకి చేతికర్ర. మరీ తప్పకపోతే షోల్డర్‌లో, అంటే లేన్ గీత బయట ఉన్న రోడ్డు అంచు జాగాలో, ఎంత దూరం జరగగలిగితే అంత జరిగి ఆపి, అప్పుడు హజార్డ్ లైట్లు వేసుకో.

స్టీరింగ్_శీను
షోల్డర్ కూడా స్నో కింద కనపడకపోతే? దిగితే గుంటలోకి పోతాం కదా. నేను ఆపమన్నది అందుకే మామా.

నైట్‌షిఫ్ట్_నర్సు
శీను గారి ప్రశ్న సబబే, పల్లె రోడ్లలో షోల్డర్ చాలా చోట్ల ఉండదు. కానీ గుంటలో పడ్డవాళ్లనీ చూశాను, వెనక నుంచి లారీ కొట్టినవాళ్లనీ చూశాను. గుంటలోకి మెల్లగా జారినవాళ్లలో చాలామంది నడుచుకుంటూ వచ్చారు. నేను గుంటనే ఎంచుకుంటాను.

స్టీరింగ్_శీను
సరే అక్కా. ఈ మాట గుర్తుంచుకుంటాను.

పొలంగట్టు
మాది హైవే పక్కనే పొలం. ఈ వైట్‌అవుట్ ఎక్కువసార్లు ఆకాశం నుంచి పడే స్నోతో రాదు, ముందురోజు పడిన పొడి స్నోని గాలి పొలాల మీద నుంచి లేపడంతో వస్తుంది. పైన నీలం ఆకాశం, కింద నడుం ఎత్తున పాలు పొంగినట్టు పారుతుంటుంది. చెట్ల వరస ఉన్నంతసేపూ రోడ్డు శుభ్రంగా ఉంటుంది, అది అయిపోయిన చోట రోడ్డుకి అడ్డంగా స్నో దిబ్బ. కొందరు రైతులు మొక్కజొన్న కోసేటప్పుడు రోడ్డు వైపు కొన్ని వరసలు కోయకుండా ఉంచేది ఇందుకే. గాలి ఆ చొప్పకి తగిలి స్నోని అక్కడే దించేస్తుంది. మేమూ ఉంచుతాం. మీకు అలాంటి వరస కనిపిస్తే అది అయిపోయే చోట స్టీరింగ్ గట్టిగా పట్టుకోండి, గాలి పక్క నుంచి ఒక్క తోపు తోస్తుంది.

కొత్తదారి_కిరణ్
నా దారిలో అలాంటి చోటు ఉంది! రైతు మర్చిపోయాడేమో అనుకున్నాను ఇన్నాళ్లూ. మీకు చాలా థాంక్స్ అండి.

ఇంకో ప్రశ్న. ఎంత దూరం వదలాలి? క్రూజ్ కంట్రోల్ సంగతేంటి?

పాత_మెకానిక్
క్రూజ్ ఆపేయండి. చక్రం జారితే అది వేగం నిలపాలనే చూస్తుంది, మీ కాలు కూడా పెడల్ మీద ఉండదు.

దూరం ఎనిమిది నుంచి పది సెకన్లు. 80లో సెకనుకి 22 మీటర్లు పోతారు. ముందు బండి ఒక స్తంభం దాటినప్పటి నుంచి మీరు అదే స్తంభం చేరేదాకా లెక్కపెట్టండి. వేగం సగం చేస్తే ఆగే దూరం నాలుగో వంతుకి దగ్గరగా వస్తుంది, దానికి మించిన మందు లేదు.

వెన్నెల_కె
స్నో ప్లౌ, అదే రోడ్డు మీద స్నో ఊడ్చే బండి, దాని వెనక పడితే ఓవర్‌టేక్ చేయొద్దు కిరణ్ గారూ. దాని ముందున్న రోడ్డు ఇంకా ఊడ్వలేదు కదా. పక్కకి చాచిన రెక్క ఆ పొడిలో కనపడదు. మా పాప దానికి చీపురు ఏనుగు అని పేరు పెట్టింది. అది కనిపిస్తే చాలు, వెనక సీట్లోంచి "అమ్మా, ఏనుగు వెనకే వెళ్లు" అని కేక.

పొలంగట్టు
చీపురు ఏనుగు! ఈ రోజు నుంచి మా ఇంట్లో కూడా అదే పేరు.

నైట్‌షిఫ్ట్_నర్సు
వెన్నెలా, పాప సంగతి వచ్చింది కాబట్టి. లావుపాటి కోటుతో పిల్లల్ని కార్ సీట్లో బిగించొద్దు. గుద్దుకున్నప్పుడు కోటులోని దూది అణిగిపోయి బెల్టు వదులవుతుంది. కోటు విప్పి, బెల్టు ఒంటికి బిగించి, కోటుని పైన దుప్పటిలా కప్పు.

వెన్నెల_కె
అయ్యో, ఇన్నాళ్లూ కోటుతోనే బిగించాను అక్కా. ఇప్పుడే వెళ్లి పట్టీలు సరిచేస్తాను.

లారీ_మామ
బండి ఇరుక్కుపోతే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. నేను ఒక రాత్రంతా ఉన్నాను కాబట్టి చెబుతాను. గాలికి రోడ్డు మూసుకుపోయింది. నాకు నాలుగు బండ్ల ముందు కారులో భార్యాభర్తలు. ఇంజిన్ ఆన్ చేసి హీటర్ పెట్టుకుని కూర్చున్నారు. వెనక సైలెన్సర్ గొట్టం స్నోలో కూరుకుపోయిన సంగతి వాళ్లకి తెలియదు. నేను పార తీసుకుని అందరినీ చూసుకుంటూ వెళ్తే, ఆవిడ తల నొప్పి, వాంతి వచ్చేలా ఉంది అన్నారు. వెంటనే తలుపులు తీయించి, గొట్టం చుట్టూ తవ్వాను. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పుడు కూడా ఒళ్లు జలదరిస్తుంది.

అందుకే ముందు గొట్టం తవ్వు. గంటకి పది నిమిషాలు ఇంజిన్ వెయ్యి, ఆ పది నిమిషాలూ గాలి రాని వైపు అద్దం వేలెడంత దించు. మళ్లీ వేసే ముందు మళ్లీ తవ్వు. బండి వదిలి నడవకు. "ఆ లైటు దగ్గరే కదా" అని బయల్దేరినవాళ్లు స్నోలో దారి తప్పుతారు. ట్యాంకు ఎప్పుడూ సగం కంటే తగ్గనీయకు, అది ఆ రాత్రికి కావాల్సిన వేడి. పార, దుప్పటి, టార్చి, నీళ్లు, తినడానికి ఏదో ఒకటి, చక్రం కింద వేయడానికి ఇసుక సంచి. పార డిక్కీలో కాదు, లోపల పెట్టు. డిక్కీ గడ్డకట్టి తెరుచుకోకపోతే పార ఉండీ లేనట్టే.

ఎలక్ట్రిక్_ఎల్లయ్య
నాది బ్యాటరీ కారు. చలిలో రేంజ్ బాగా తగ్గుతుంది, అది నిజం. ఇంట్లో ప్లగ్‌లో ఉండగానే లోపల వేడి చేసుకుని బయల్దేరతాను. దారిలో సీటు హీటర్, స్టీరింగ్ హీటర్ ఎక్కువ వాడతాను, గాలి హీటర్ కంటే అవి చాలా తక్కువ తాగుతాయి. ఇరుక్కుంటే గొట్టం భయం లేదు.

పాత_మెకానిక్
అందరికీ, టైర్లలో గాలి ఒకసారి చూసుకోండి. సుమారు 5 డిగ్రీలు పడితే టైరు గాలి ఒత్తిడి ఒక పీఎస్ఐ తగ్గుతుంది. అద్దం కడిగే నీళ్ల ట్యాంకులో చలికాలం ద్రవమే పోయండి. మామూలు నీళ్లు పోస్తే అద్దం మీదే గడ్డకడతాయి, సరిగ్గా లారీ బురద చల్లిన క్షణంలో.

కొత్తదారి_కిరణ్
రెండు వారాల తర్వాత వస్తున్నాను. నాలుగు వింటర్ టైర్లు వేయించాను. ఆదివారం ఖాళీ పార్కింగ్‌లో గంటసేపు జారించి చూశాను. మామా, పెడల్ గడగడ కొట్టుకోవడం మొదటిసారి కాలికి తెలిసింది. చెప్పకపోతే నిజంగానే కాలు తీసేసేవాణ్ని.

ఇంట్లో అంతా చెప్పేశాను. మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత దుప్పటి, టార్చి తనే తెచ్చి వెనక సీటు కింద పెట్టింది.

నిన్న పొద్దున 20 కిలోమీటర్లు వెళ్లాక రేడియో యాంటెన్నా మీద, రోడ్డు పక్క తీగల మీద సన్నగా ఐస్ పట్టడం కనిపించింది. డిగ్రీలు సున్నా, సన్నటి వాన. ఇంకా 50 కిలోమీటర్లు ఉంది. పెట్రోల్ బంకులోకి తిప్పి, సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి రావడం లేదన్నాను. గొంతు కొంచెం వణికింది, ఉద్యోగం కొత్త కదా. ఆయన సరే అన్నారు. ఉప్పు బండి వెళ్లేదాకా ఆగి, దాని వెనకే 40లో ఇంటికి వచ్చాను.

లారీ_మామ
ఫ్రీజింగ్ రెయిన్‌లో, అంటే పడగానే గడ్డకట్టే వానలో, వింటర్ టైర్లు కూడా చేతులెత్తేస్తాయి. యాంటెన్నా చూసి వెనక్కి తిరిగావే, నా చేతి కింద నేర్చుకున్న కుర్రాళ్లకి కూడా అది రావడానికి రెండేళ్లు పట్టింది తమ్ముడూ.

స్టీరింగ్_శీను
నేను కూడా టైర్లు ఆర్డర్ పెట్టాను. మూడు శిఖరాల గుర్తు చూసే.

నైట్‌షిఫ్ట్_నర్సు
రేపు రాత్రి మళ్లీ అదే వాన అంటున్నారు. డ్యూటీ అయ్యాక హాస్పిటల్ రెస్ట్ రూమ్‌లోనే పడుకుని, మధ్యాహ్నం బయల్దేరతాను. కిరణ్ గారూ, మీరు?

కొత్తదారి_కిరణ్
ప్లాంటుకి ఈ సాయంత్రమే చెప్పేశాను అక్కా. పది తర్వాతే బయల్దేరతాను, అది కూడా ఏనుగు వెళ్లాకే.